చేత్తో వేసిన బ్లాక్ అండ్ వైట్ ప్రింటుకి ధర ఎలా కట్టాలి, ఎవరికి అమ్మాలి

ముందు మీ డార్క్‌రూమ్‌లో చెత్తబుట్ట బోర్లించి అందులో ఎన్ని షీట్లున్నాయో లెక్కపెట్టండి. ధర లెక్క అక్కడే మొదలవుతుంది. మనలో చాలామంది ఏం చేస్తారంటే, షీటు ఎంత పడిందో చూసుకుని, దానికి కెమికల్స్ ఖర్చు కాస్త కలిపి, పైన ఓ రెండొందలు వేసుకుని "ఎనిమిదొందలు ఇవ్వండి చాలు" అనేస్తారు. ఆ ఒక్క ప్రింటు బయటికి రావడానికి ముందు పాడైన షీట్ల సంగతి, చీకట్లో నిలబడ్డ గంటల సంగతి కొనేవాళ్ళకి ఎలాగూ తెలీదు, మనం కూడా మర్చిపోతాం. మొదటి రెండేళ్ళూ నేనూ అదే చేశాను. అమలాపురం దగ్గర పల్లెటూళ్ళో, ఇంటి వెనక కొబ్బరికాయలు పోసుకునే గదికి కిటికీలు మూసేసి డార్క్‌రూమ్ చేసుకున్నవాణ్ణి. యజమానినీ నేనే, కూలివాణ్ణీ నేనే. కూలికి మాత్రం ఒక్క రూపాయి ఇచ్చేవాణ్ణి కాదు.

ఇక్కడ చెప్పేదంతా ఫిల్మ్ నెగటివ్‌ని ఎన్‌లార్జర్‌లో (నెగటివ్ బొమ్మని పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం) పెట్టి, కెమికల్స్ ట్రేల్లో కడిగి తీసే ప్రింట్ల గురించి. పాత స్టూడియోలవాళ్ళు బ్రోమైడ్ అనేవారే, అదే. ఇంక్‌జెట్ ప్రింట్ల లెక్క వేరు. అందులో పదో కాపీకి మొదటి కాపీ అంత కష్టం ఉండదు.

ఒక ప్రింటు లెక్క మొత్తం విప్పి చూపిస్తాను. నర్సాపురం రేవు నుంచి సఖినేటిపల్లి వెళ్ళే పంటు (గోదావరి దాటించే పడవ) మీద, పొద్దున్నే మంచులో, పాలక్యాన్లు కట్టిన సైకిలు పట్టుకుని నిలబడ్డ మనిషి ఫోటో ఒకటుంది నా దగ్గర. 11×14 అంగుళాల సైజు, ఫైబర్ పేపర్ (ప్లాస్టిక్ పూత లేని కాగితం). మొదటి షీటు ముక్కలు కోసి, ఎంతసేపు వెలుతురు పడాలో తేల్చుకోడానికి మూడేసి సెకన్లు పెంచుకుంటూ టెస్ట్ స్ట్రిప్‌లు వేశాను. దాన్నిబట్టి వేసిన మొదటి ప్రింటులో మనిషి బాగానే వచ్చాడు గానీ ఆకాశం తెల్లకాగితంలా ఉంది, ఏరెక్కడో మంచెక్కడో తెలీలేదు. రెండోదానికి ఆకాశం తప్ప మిగతాదానికి అట్ట అడ్డం పెట్టి ఊపుతూ ఆకాశానికి 18 సెకన్లు అదనంగా ఇచ్చాను, అట్ట అంచు గీత పడింది. మూడోదానికి ఆ గీత పోయింది గానీ తువ్వాలు కింద మొహం నల్లబడిపోయింది. తీగ చివర రూపాయి బిళ్ళంత అట్టముక్క అంటించి నాలుగు సెకన్లు మొహం మీద నీడ పట్టాను, నాలుగోది తడిలో చూస్తే అద్భుతం. ఆరాక చూస్తే ముదిరిపోయింది, ఎందుకంటే ఫైబర్ పేపర్ ఆరితే కాస్త నలుపెక్కుతుంది, ఎక్స్‌పోజర్‌లో (వెలుతురు ఇచ్చే టైములో) పది శాతం దాకా తగ్గించుకోవాలి. ఆ తర్వాతే వరసగా అయిదు మంచి ప్రింట్లు దిగాయి. అంటే అయిదు ప్రింట్లకి పది షీట్లు.

షీటు 350 పడిందనుకోండి (మీకెంత పడితే అది వేసుకోండి). పది షీట్లు 3,500, అయిదు ప్రింట్లకి పంచితే ఒక్కోదానికి 700. పెట్టె మీద ధర చూసి 350 అనుకునేవాడు ఇక్కడే సగం నష్టపోయాడు. బొమ్మని తేల్చే డెవలపర్, దాని పని ఆపే స్టాప్, బొమ్మని నిలబెట్టే హైపో (ఫిక్సర్ అన్నా అదే) కలిపి ప్రింటుకి 120, ప్రింటు ఎక్కువకాలం నిలవడానికి ముంచే టోనర్ 50, నీళ్ళు, కరెంటు 30. మౌంట్ బోర్డు, వెనక అట్ట 350. ప్యాకింగ్ 150. మొత్తం 1,400 అయింది, ఇంకా కూలి వెయ్యలేదు. చీకట్లో ఆరు గంటలు, మర్నాడు ప్రింట్లు సాపు చేసి, దుమ్ము మచ్చలకి సన్న బ్రష్షుతో రంగు అద్దడానికి రెండు గంటలు, వెరసి ఎనిమిది. గంటకి 200 వేసుకుంటే 1,600, ఒక్కో ప్రింటుకి 320. గంటకి 200 ఎక్కువేమో అని మొహమాటపడకండి, మీ ఊళ్ళో తాపీమేస్త్రి రోజు కూలి ఎంతో కనుక్కోండి, దానికంటే తక్కువ మాత్రం వేసుకోకండి. ఫిల్ముకి, తిరుగుడుకి, ఎన్‌లార్జర్ బల్బుకి అని ఇంకో 280. కూడితే 2,000.

ఇది మీకు పడ్డ ఖరీదు, అమ్మే ధర కాదు. రేపు వైజాగులోనో హైదరాబాదులోనో ఎవరైనా షాపులో పెడతామంటే 40 శాతం వాళ్ళు ఉంచుకుంటారు అనుకోండి. మీకు వచ్చేది 60 శాతం, అందులో ఆ రెండు వేలూ రావాలంటే ధర కనీసం 3,334 ఉండాలి, అప్పటికీ మీకు మిగిలేది సున్నా. అందుకే నేను 5,000 పెట్టాను. షాపువాళ్ళు తీసుకోగా 3,000 వస్తుంది, వెయ్యి మిగులుతుంది. ఇంట్లోంచి నేరుగా అమ్మినా అదే 5,000. "మీ దగ్గర కొంటే తక్కువకి వస్తుందటగా" అన్న మాట ఒక్కసారి షాపువాళ్ళ చెవిన పడిందంటే మీ ప్రింట్లు మూట కట్టి పంపించేస్తారు, తప్పు వాళ్ళది కాదు.

పేపర్ ధర ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఫ్యాక్టరీ ఉండేది, వాళ్ళ 'ఇందు' బ్రాండు పేపరూ ఫిల్మూ మన స్టూడియోల్లో నడిచేవి. అది మూతపడ్డాక ఇంగ్లండు నుంచి ఇల్‌ఫర్డ్, చెక్ దేశం నుంచి ఫోమా, అంతా దిగుమతే. రూపాయి పడితే పెట్టె ధర లేస్తుంది. కాబట్టి కొత్త పెట్టె తెరిచినప్పుడల్లా లెక్క మళ్ళీ వెయ్యండి. మిగతా సైజుల ధరలు పేపర్ వైశాల్యాన్ని బట్టి కట్టకండి, 16×20లో పాడైన ఒక్క షీటు చాలు మనసు విరగ్గొట్టడానికి. నేను 8×10 ఫైబర్ 3,000కి, 16×20 అయితే 12,000కి ఇస్తున్నాను. అంత పెట్టలేనివాళ్ళ కోసం ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) పేపర్ మీద 5×7 సైజువి కొన్ని 600కి పెడతాను, మౌంట్ లేకుండా. ఆర్‌సీ రెండు నిమిషాల్లో కడుగుతాం, చుట్టుకోదు, పని తొందరగా తెములుతుంది. ఇవాళ ఆరొందలది కొన్న కుర్రాడే రెండేళ్ళకి ఉద్యోగం వచ్చాక పెద్దదానికి వస్తాడు, వచ్చారు కూడా.

ధర కాగితం మీద రాసి పెట్టుకోండి, సైజులవారీగా, ప్రింట్ల పెట్టె మూతకి లోపలివైపు అంటించండి. ఎందుకంటే మన గోదావరి జిల్లాల మొహమాటం సంగతి మీకు తెలిసిందే. ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి, ప్రింట్లు చూపించి, ధర దగ్గరికొచ్చేసరికి "ఏదో, మీకు తోచినంత ఇవ్వండి" అనేస్తాం. ఆ మాట అన్నారంటే బేరం అక్కడితో చచ్చిపోయినట్టే. తోచినంత అంటే ఎదుటివాళ్ళకి ఇబ్బంది, ఎక్కువ ఇస్తే బాధ, తక్కువ ఇస్తే సిగ్గు, అందుకే "మళ్ళీ వస్తామండి" అని లేచిపోతారు. ఎదుటి మనిషి మొహం చూసి, వేసుకొచ్చిన బండి చూసి ధర చెప్పడం ఇంకా దరిద్రం. ఒకాయన భీమవరం నుంచి పెద్ద కారులో వచ్చాడని ఎనిమిది వేలు చెప్పాను, అదే ప్రింటు వాళ్ళ బావగారికి అయిదు వేలకి ఇచ్చిన సంగతి మర్చిపోయి. ఆ ఇద్దరూ ఒకే పెళ్ళిలో కలిశారు. తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు.

ధర చెప్పేటప్పుడు ఒకే వాక్యం. "పదకొండు పధ్నాలుగు సైజండి, మౌంట్‌తో అయిదు వేలు." అంతే, నోరు మూసుకోవాలి. "అంటే పేపరు ఇంగ్లండు నుంచి రావాలి కదండీ, పైగా హైపో కూడా రేటు పెరిగిందండీ..." అని మొదలుపెట్టామంటే మనకే ధర మీద నమ్మకం లేదని తెలిసిపోతుంది. "ఫోన్లో తీసి ల్యాబులో వేయిస్తే నూట యాభై కదా బాబూ" అనేవాళ్ళు ఉంటారు. వాదించకండి. అదే ఫోటోని ల్యాబులో వేయించి ఒక కాపీ దగ్గర పెట్టుకోండి, రెండూ కిటికీ దగ్గర పక్కపక్కన పట్టి చూపించండి, నలుపు ఎలా ఉందో, మంచులో బూడిద రంగు ఎన్ని మెట్లుగా దిగిందో వాళ్ళే చూసుకుంటారు. తేడా కనబడలేదంటే వాళ్ళు మన కొనుగోలుదారులు కారు, కాఫీ తాగి వెళ్ళనివ్వండి.

చుట్టాల దగ్గర ఒకటే పద్ధతి: ఇస్తే పూర్తిగా ఊరికే ఇవ్వండి, గృహప్రవేశానికో పెళ్ళికో బహుమతిగా, లేదా పూర్తి ధర తీసుకోండి. సగం ధరకి ఇచ్చారంటే ఆ సగం ధరే ఊరంతా మీ ధర అయిపోతుంది.

లిమిటెడ్ ఎడిషన్ పెట్టాలా వద్దా అని చాలామంది అడుగుతారు. ఎడిషన్ అంటే ఈ నెగటివ్ నుంచి ఈ సైజులో 15 ప్రింట్లే వేస్తాను, పదహారోది వెయ్యను అని మాట ఇచ్చి, వెనక పెన్సిలుతో 3/15 అని నంబరు వెయ్యడం. పేరున్నవాళ్ళకి అది ధర పెంచుతుంది. మనలాంటివాళ్ళకి, నా ఉద్దేశంలో, మొదట్లోనే అంత తొందర అక్కర్లేదు. యాన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో తీసిన చంద్రోదయం ఫోటోకి తన చేత్తో 1,300 పైగా ప్రింట్లు వేశాడు, అయినా వాటి విలువ పడిపోలేదు. ఎడిషన్ పెడితే మాత్రం మాట తప్పకూడదు, నోటుబుక్కులో ఏ నంబరు ఎవరికి వెళ్ళిందో రాయాలి, అమ్ముడయ్యేకొద్దీ ధర ఎలా పెరుగుతుందో ముందే చెప్పాలి: మొదటి అయిదూ 5,000, తర్వాత అయిదూ 7,000, చివరి అయిదూ 10,000 అన్నట్టు. ఎడిషన్ లేకపోయినా వెనక పెన్సిలుతో సంతకం, నెగటివ్ తీసిన ఏడు, ప్రింటు వేసిన ఏడు, పేపర్ రకం రాయండి. బాల్‌పెన్ వాడకండి, ముందువైపుకి గాడి పడుతుంది.

ఇంత ధర తీసుకుంటున్నామంటే ఆ ప్రింటు నిలవాలి. ఇక్కడ నాకో చేదు అనుభవం ఉంది. కాకినాడలో ఒక డాక్టరుగారు క్లినిక్ కోసం ఆరు ప్రింట్లు తీసుకున్నారు. రెండేళ్ళకి ఫోన్ చేసి, చాలా మర్యాదగా, "ఏమండీ, ఇవి ఇలాగే పసుపు రంగులోకి వస్తాయాండీ?" అని అడిగారు. వెళ్ళి చూస్తే నాలుగింటికి మచ్చలు. హైపో అరిగిపోయాక కూడా పొదుపని అందులోనే ముంచాను, కడగడం కూడా తూతూమంత్రమే. ఆరూ మళ్ళీ వేసి ఇచ్చాను, నా ఖర్చుతో. ఆ నెల సంపాదన అందులోనే పోయింది.

అప్పట్నుంచి రెండు హైపో ట్రేలు పెడుతున్నాను, మొదటిదాంట్లో సగం టైము, రెండోదాంట్లో సగం. ఎక్కువకాలం నిలవాల్సిన ఫైబర్ ప్రింట్లయితే లీటరు ర్యాపిడ్ ఫిక్సర్‌కి 8×10వి పది దాటనివ్వను. తర్వాత పారే నీళ్ళలో గంట. ఇక్కడ మన డెల్టా తంటా వస్తుంది. గోదావరి పక్కనే ఉండి కూడా కడగడానికి మంచినీళ్ళు దొరకవు. వర్షాకాలంలో కాలువ నీళ్ళు టీ రంగులో వస్తాయి, ఎండాకాలం కాలువలు కట్టేస్తారు, బోరు వేస్తే సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పు. నేను ట్యాంకు నీళ్ళకి దూది ఫిల్టర్ బిగించి గంట కడిగి, ఆఖరున ఆర్‌ఓ ప్లాంటు నుంచి తెచ్చుకున్న 20 లీటర్ల టిన్ను నీళ్ళలో అయిదు నిమిషాలు ముంచుతాను. లేకపోతే ఆరాక తెల్లటి ఉప్పు చారలు కనబడతాయి. డెవలపర్ 20 డిగ్రీల్లో ఉండాలంటారు, మే నెలలో మన కుళాయి నీళ్ళే ముప్పై దాటతాయి, ట్రే కింద ఐసు ముక్కల ట్రే పెట్టినా పది నిమిషాలకి కరిగిపోతుంది. అందుకే పెద్ద ప్రింట్లన్నీ కార్తీకం నుంచి మాఘం లోపు వేసేసుకుంటాను, ఎండాకాలం లెక్కలూ ప్యాకింగూ.

పటం కట్టించే విషయంలో కొనేవాళ్ళకి ముందే గట్టిగా చెప్పండి, వీలైతే మీరే కట్టించి ఇచ్చి ఆ ఖర్చు విడిగా తీసుకోండి. మన ఊళ్ళలో ఫ్రేములు కట్టేవాళ్ళు దేవుడి పటాలకి అలవాటుపడ్డారు, ప్రింటుని గాజుకి ఆనించి, వెనక అట్టకి జిగురు రాసి, మేకులు కొట్టేస్తారు. నా ప్రింటు ఒకదాన్ని అలా కట్టించుకున్నారు, మొదటి వానాకాలానికే గాజుకి అతుక్కుపోయింది, తీస్తే పైపొర గాజుతోపాటే ఊడొచ్చింది. గాజుకీ ప్రింటుకీ మధ్య కిటికీలా కోసిన మౌంట్ బోర్డు ఉండాలి, అది యాసిడ్ లేనిది అయ్యుండాలి, ప్రింటు పైఅంచు మాత్రమే కాగితపు పట్టీతో వేలాడాలి. పడమటి గోడకి, వంటింటి గోడకి తగిలించొద్దని చెప్పండి. వానాకాలంలో చెమ్మెక్కే గోడ అయితే ఫ్రేము వెనక నాలుగు మూలలా సీసా బిరడా ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది.

ఇక ఎవరికి అమ్మాలి. రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన ఫోటో (1897లో కట్టడం మొదలై 1997లో రైళ్ళు ఆగిపోయిన ఆ వంతెనే) ప్రతి ఫోటోగ్రాఫర్ దగ్గరా ఉంటుంది, సూర్యాస్తమయంతో సహా. చూసి బాగుందంటారు, కొనరు. కొనేది తమదనుకున్నదాన్ని. మా ప్రింట్లలో ఎక్కువ పోయేవి ఏంటో తెలుసా, కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు మోసుకుంటూ కౌశిక ఏరు దాటే ఫోటో, లేసు అల్లే ఆడవాళ్ళ చేతులు, పాడుబడ్డ బియ్యం మిల్లు. "అది మా తాతగారి మిల్లండి" అని ఒకావిడ అమెరికా నుంచి ఫోన్ చేసి 16×20 తీసుకున్నారు, ధర అడగలేదు, ఎప్పటికి వస్తుందని అడిగారు.

అందుకే సంక్రాంతి మన సీజన్. హైదరాబాదు, బెంగళూరు, గల్ఫ్, అమెరికా, ఎక్కడెక్కడివాళ్ళూ ఊళ్ళోకి దిగుతారు. భోగికి వారం ముందే పాతిక ప్రింట్లు మౌంట్ చేసి, ఒక్కోదానికీ పారదర్శకమైన కవరు తొడిగి పెట్టెలో సిద్ధంగా ఉంచండి. గోడకి అయిదే తగిలించండి, మిగతావి చేతికి ఇవ్వండి. ఎంత ఎత్తులో ఎంత దూరంలో తగిలించాలో నేను రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో నేర్చుకున్నాను, ముప్పై నిండకుండానే 1925లో పోయిన ఆ చిత్రకారుడి బొమ్మల ముందు జనం ఎక్కడ ఆగుతున్నారో గమనిస్తూ. కంటి ఎత్తుకి ఫోటో మధ్యభాగం రావాలి. మనవాళ్ళు పటాలన్నీ గుమ్మం పైన కడతారు, మెడ ఎత్తి చూస్తూ ఎవరూ అయిదు వేలు ఇవ్వరు.

ఇంకో మంచి ఆదాయం పాత నెగటివ్‌లు. ఇళ్ళలో అటక మీద ట్రంకుపెట్టెల్లో తాతముత్తాతల నెగటివ్‌లు ఉంటాయి, కొన్ని గాజువి కూడా. అవి తెస్తే చేత్తో ప్రింటు వేసి ఇవ్వండి, ధర మాత్రం విడిగా: నెగటివ్ శుభ్రం చేసి పరీక్ష ప్రింటు వెయ్యడానికి ఒక రుసుము, అది బాగున్నా బాగోకపోయినా తీసుకోవాల్సిందే, తర్వాత ప్రింటుకి మామూలు ధర. నెగటివ్ తీసుకునేటప్పుడు దాని ఫోటో తీసి, గీతలు, బూజు ఎక్కడెక్కడ ఉన్నాయో వాళ్ళ ముందే రాసి సంతకం పెట్టించుకోండి. లేకపోతే ముప్పై ఏళ్ళ నాటి బూజు మీ నెత్తిన పడుతుంది.

రిసార్టులవాళ్ళు, హోమ్‌స్టేలవాళ్ళు పదేసి ఇరవయ్యేసి అడుగుతారు. మా కోనసీమలో దిండి వైపు ఇప్పుడు అవి బాగానే ఉన్నాయి. పది దాటితే 15 శాతం తగ్గించొచ్చు, అంతకుమించి వద్దు. సగం అడ్వాన్సు లేకుండా పేపర్ పెట్టె తెరవకండి. "బిల్లు పాసయ్యాక వేస్తామండి" అన్న ఒక చోట నాకు ఏడు నెలలు పట్టింది. "మీ పేరు కింద రాస్తాం, పబ్లిసిటీ కదా" అనేవాళ్ళకి "ఆయ్, రాయండి, డబ్బులు కూడా ఇవ్వండి" అని నవ్వుతూ చెప్పండి. ఫోటో ప్రింటు అమ్మడమంటే దాన్ని క్యాలెండరు మీదో వెబ్‌సైటులోనో వేసుకునే హక్కు అమ్మినట్టు కాదని బిల్లు మీద ఒక లైను రాయండి.

ఫోటోలో ఉన్న మనిషి సంగతి మర్చిపోవద్దు. పంటు మీది పాలాయన దగ్గరికి మొదటి ప్రింటు తీసుకెళ్ళి ఇచ్చి, ఇది అమ్ముకుంటానని చెప్పి అడిగాను. "నా మొహం ఎవడు కొంటాడు బాబూ" అన్నాడు. నాలుగు అమ్ముడయ్యాక వెళ్ళి ఒక ప్రింటు డబ్బులు చేతిలో పెట్టాను, నమ్మలేదు, వాళ్ళబ్బాయిని పిలిచి లెక్క చెప్పించుకున్నాడు.

ఆన్‌లైన్‌లో చూపించడానికి స్కాను చాలదు. ప్రింటుని చేత్తో పట్టుకుని కిటికీ పక్కన ఫోన్‌తో తియ్యండి, వేళ్ళు కనబడాలి, అప్పుడే సైజు తెలుస్తుంది. ఒక వీడియోలో కాగితం కాస్త వంచి వెలుతురు దాని మీద జారడం చూపిస్తే వంద మాటలు చెప్పక్కర్లేదు. డబ్బులు ముందు యూపీఐలో వేశాకే పంపండి.

పంపేటప్పుడు ఫైబర్ ప్రింటుని చుట్టకండి, పైపొర చిట్లుతుంది. ప్లాస్టిక్ కవరు, దానికి అటూ ఇటూ ప్రింటు కంటే రెండంగుళాలు పెద్దవైన గట్టి అట్టలు, ఒక దాని గీతలు నిలువుగా రెండోదానివి అడ్డంగా ఉండేట్టు, అప్పుడు ఎటూ వంగదు. పైన మళ్ళీ ప్లాస్టిక్, ఎందుకంటే జులైలో పార్సిలు ఏ ఆటో మీద తడుస్తుందో ఎవరికి తెలుసు. ఫ్రేముతో, గాజుతో కొరియర్ చెయ్యకండి. చేర్చేవాళ్ళ మీద ఎంత నమ్మకమున్నా, అన్ని అమ్మకాల్లో కొన్ని మూలలు నలిగి చేరతాయి, అందుకే అయిదు వేసినప్పుడు ఒకటి అమ్మకుండా పక్కన పెడతాను. దెబ్బ తిన్నదాన్ని వెనక్కి పంపమని అడిగి, అది వచ్చాక కొత్తది పంపించి, పాతదాన్ని నాలుగు ముక్కలు చేసి టెస్ట్ స్ట్రిప్‌ల బుట్టలో వేసి, నోటుబుక్కులో ఆ ప్రింటు ఎదురుగా తేదీ రాస్తాను.